గేరు దానంతటదే జారిపోతుంటే
ఘాట్ రోడ్డు దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే చాలు, మా పాత కారు గేరు జారి న్యూట్రల్‌లో పడేది. మెకానిక్ వినీ వినగానే గేర్‌బాక్స్ దించాలన్నాడు. అంత తొందరెందుకు? ఒకే గేరు జారితే లోపల గేరును పట్టి ఉంచే స్లీవో, ఆ స్లీవును జరిపే షిఫ్ట్ ఫోర్కో అరిగిందని అనుమానించాలి. నా కారులో రెండో గేరూ, మూడో గేరూ జారుతున్నాయి. వాటి ఫోర్కులు వేరు. పైగా యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడల్లా గేరు రాడ్డు కూడా ఊగుతోంది. అంటే కదులుతున్నది ఇంజనే, దానితో పాటు దానికి బిగించిన గేర్‌బాక్సూ!

బానెట్ ఎత్తి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదిలాను. పక్కన నిలబడ్డ మెకానిక్ కళ్లముందే ఇంజను ఎగిరిపడింది. ఇంజనును బాడీకి పట్టి ఉంచే కింది మౌంటింగ్ రబ్బరు చిరిగి ఇనుము నుంచి ఊడిపోయింది. దాన్నీ, గేరు రాడ్డును గేర్‌బాక్స్‌కు కలిపే లింకేజీలో, కీళ్ల దగ్గర అరిగిన బుష్‌లనూ మార్పించాను. ఇప్పుడు అదే ఘాట్‌లో గేరు కదలడం లేదు.