ట్రాక్ డే ముందు బ్రేకులు: మొదట ఆయిల్, తర్వాతే ప్యాడ్లు

ట్రాక్ డే అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు. చెన్నై శివార్లలో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఒక ల్యాపు 3.7 కిలోమీటర్లు. చెన్నై ట్రాఫిక్‌లో ఎప్పుడో తొక్కేంత గట్టి బ్రేకు అక్కడ ల్యాపు ల్యాపుకీ తొక్కాలి. మధ్యలో చల్లారే వ్యవధి ఉండదు.

బ్రేకులు రెండు రకాలుగా మోసం చేస్తాయి. పెడల్ మెత్తబడి కిందిదాకా దిగిపోతే ఆయిల్ మరిగిందని అర్థం. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు వదిలేశాయి. మొదటిది మరీ ప్రమాదం: పైపులో ఆవిరి నలుగుతుందే తప్ప ఒత్తిడి కాలిపర్‌కు, అంటే ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగానికి, చేరదు. దాన్ని నివారించడానికి అయ్యే ఖర్చూ తక్కువే. అందుకే ఖరీదైన డిస్కుల జోలికి వెళ్లేముందు ఆయిల్ మార్చండి.

బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ అనేది ఆయిల్ గ్రేడు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి రేసింగ్ డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, వీటితో కలపకండి. సీలు తీసిన డబ్బాలో మిగిలింది తర్వాతి ట్రాక్ డేకి దాచుకోవద్దు. చెన్నై గాలిలో అసలే వద్దు.

పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి తీసి కొత్తది నింపడాన్ని బ్లీడ్ చేయడం అంటారు. దానికి లీటరు ఆయిల్, రింగ్ స్పానర్, పారదర్శకమైన ట్యూబు, సీసా, ఒక సహాయకుడు ఉంటే చాలు. మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే చక్రాల వరస ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. పెడల్ తొక్కి పట్టాక నిపుల్ (ఆయిల్ బయటికి వచ్చే స్క్రూ) వదులు చేయాలి, బిగించాకే పెడల్ వదలాలి. పాత కారులో పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కి అందించే మాస్టర్ సిలిండర్‌లో ఎన్నడూ సీలు తిరగని చోట తుప్పు ఉంటుంది, పెడల్ అక్కడిదాకా వెళ్తే సీలు చీరుకుపోతుంది. ఆయిల్ ట్యాంకు ఖాళీ కానివ్వకండి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) యూనిట్‌లోకి గాలి వెళ్తే బయటికి తీయడానికి స్కానర్ కావాల్సి రావచ్చు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ప్యాడ్ల మందం సగానికి తగ్గితే ట్రాక్‌కి తీసుకెళ్లొద్దు. పలచటి ప్యాడ్ వేడిని నేరుగా పిస్టన్‌కీ, అక్కణ్నుంచి ఆయిల్‌కీ పంపుతుంది. డిస్కు మందాన్ని దాని మీదే చెక్కి ఉండే కనీస కొలతతో పోల్చుకోండి. కాలిపర్ పిన్నులు వేలితో జరగాలి. బిగుసుకుంటే శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయండి. బెంగళూరు నుంచి అదే కారులో వచ్చి అదే కారులో తిరిగి వెళ్లేవాళ్లు పూర్తి రేసింగ్ ప్యాడ్లు వేయొద్దు. చల్లగా ఉన్నప్పుడు అవి సరిగా పట్టవు.

కొత్త ప్యాడ్లను డిస్కుకి కుదర్చడం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద కాదు, మొదటి సెషన్ ల్యాపుల్లోనే. వెనక ఎవరూ లేనప్పుడు 100 నుంచి 30కి, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించి, ఆపైన బ్రేకు తక్కువగా వాడుతూ చల్లార్చండి.

ప్రతి సెషన్ చివరి ల్యాపు నెమ్మదిగా తిప్పండి. పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట) హ్యాండ్‌బ్రేక్ లాగకండి. గేరులో పెట్టి చక్రం కింద రాయి వేయండి. చక్రాలు చల్లారాక నట్లను మాన్యువల్‌లోని టార్క్‌కి మళ్లీ సరిచూడండి. ఇంటికి బయల్దేరేముందు పెడల్ తొక్కి చూసి, కాస్త మెత్తగా అనిపించినా అక్కడే మళ్లీ బ్లీడ్ చేయండి.