కుక్కతో మోటర్‌హోమ్‌లో ఫ్రాన్స్‌కు: ఫెర్రీ ఎక్కడానికి కావలసిన సర్టిఫికెట్, దరఖాస్తు విధానం, తిరుగు ప్రయాణపు గడువులు

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఉంటూ, పెంపుడు కుక్కను మోటర్‌హోమ్‌లో ఎక్కించుకుని ఫెర్రీ మీద ఫ్రాన్స్‌కు వెళ్లాలనుకునే వారి కోసం ఈ వివరణ. డోవర్ నుంచి కలే రేవుకు ఓడ ప్రయాణం గంటన్నర. ఆ గంటన్నర కోసం ఏర్పాట్లు కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. వెళ్లేటప్పుడు కావలసిన కాగితం డబ్బు, ఓపిక ఉంటే దొరుకుతుంది. వచ్చేటప్పుడు వేయించవలసిన మందుకు మాత్రం గంటలు లెక్కపెట్టుకోవాలి. ప్రణాళిక వేసేటప్పుడు అందరూ మొదటిదాని మీదే దృష్టి పెడతారు. చిక్కంతా రెండోదానిలో ఉంది.

2020 డిసెంబరు 31 వరకు బ్రిటన్‌లో ఇచ్చిన పెంపుడు జంతువుల పాస్‌పోర్టు ఒకటి ఉంటే ఏళ్ల తరబడి సరిపోయేది. 2021 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య దేశాలలో ప్రవేశానికి అది చెల్లదు. దాని స్థానంలో యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇది ఒక్క ప్రయాణానికే పనికొస్తుంది. వచ్చే వేసవిలో మళ్లీ వెళితే మళ్లీ కొత్తది తీసుకోవాలి, మళ్లీ రుసుము కట్టాలి. పాస్‌పోర్టుల విధానాన్ని తిరిగి తెచ్చే ఉద్దేశంతో 2025 మే నెలలో బ్రిటన్, ఐరోపా సమాఖ్య ఒక అవగాహనకు వచ్చాయి. అందువల్ల టికెట్లు కొనే ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెంపుడు జంతువుల ప్రయాణం గురించిన పేజీని ఒకసారి చూడండి. నిరుడు వెళ్లొచ్చిన స్నేహితుల మాట మీద ఆధారపడవద్దు.

దరఖాస్తుకు ముందు ఉండవలసినవి

మొదట మైక్రోచిప్ (కుక్క చర్మం కింద అమర్చే, గుర్తింపు నంబరు ఉన్న చిన్న చిప్), ఆ తరువాత రేబిస్ టీకా. ఈ వరుస ముఖ్యం. చిప్ అమర్చక ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించవలసిందే. రెండూ ఒకే రోజు చేయించినా పరవాలేదు. ఇంగ్లండ్‌లో కుక్కలకు చిప్ 2016 నుంచి తప్పనిసరి కాబట్టి చాలామందికి ఆ పని అయిపోయే ఉంటుంది. టీకా సంగతే చూసుకోవాలి. రేబిస్ టీకా బ్రిటన్‌లో ఏటా వేసే మామూలు టీకాలలో భాగం కాదు. టీకాలన్నీ వేయించాం కదా అని ధీమాగా ఉన్నవారు రికార్డు పుస్తకం తీసి, అందులో రేబిస్ అనే మాట ఉందో లేదో చూసుకోవాలి.

టీకా నాటికి కుక్కకు కనీసం 12 వారాల వయసు నిండాలి. మొదటి టీకా తరువాత 21 రోజులు ఆగాలి. టీకా వేసిన రోజును ఈ లెక్కలో కలపకూడదు. అంటే 15 వారాలు దాటని కుక్కపిల్లను తీసుకువెళ్లే మార్గం లేదు. గతంలో టీకా వేయించి, తరువాతి మోతాదు గడువు ఒక్క రోజు దాటినా మళ్లీ మొదటి టీకాగానే పరిగణిస్తారు, 21 రోజుల నిరీక్షణ మళ్లీ మొదలవుతుంది.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కుక్కను బ్రిటన్‌కు తెచ్చుకున్న వారికి రక్తపరీక్ష, ఆ తరువాత మూడు నెలల నిరీక్షణ గుర్తుండే ఉంటాయి. భారతదేశం ఆమోదిత దేశాల జాబితాలో లేనందువల్ల అప్పుడు అవి కావలసి వచ్చాయి. బ్రిటన్ నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లి రావడానికి ఆ రక్తపరీక్ష అవసరం లేదు.

సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు, ఎలా అడగాలి

ఇది ఆన్‌లైన్‌లో ఫారం నింపి తెచ్చుకునే కాగితం కాదు. ప్రభుత్వం ఈ పనికి అధికారం ఇచ్చిన పశువైద్యులు మాత్రమే జారీ చేయగలరు. వారిని అధికారిక వెటర్నేరియన్ అంటారు. మీ కుక్కను ఎప్పుడూ చూసే డాక్టరుకు ఆ అధికారం ఉండకపోవచ్చు. ఫోను చేసి మొదట అడగవలసిన ప్రశ్న అదే. లేదంటే దగ్గరలో ఎవరున్నారో వారే చెబుతారు. ఈ సర్టిఫికెట్ల పనే ప్రత్యేకంగా చేసే క్లినిక్‌లు కూడా ఉన్నాయి.

రుసుముకు ప్రభుత్వ నిర్ణీత ధర లేదు. ఒక్కో క్లినిక్ ఒక్కో రేటు చెబుతుంది, తేడా గణనీయంగా ఉంటుంది. నాలుగు చోట్ల కనుక్కోవడంలో మొహమాటం అక్కరలేదు. ఒకే సర్టిఫికెట్‌లో ఐదు జంతువుల వరకు చేర్చవచ్చు కాబట్టి రెండు కుక్కలుంటే రెండు సర్టిఫికెట్లు తీసుకోనవసరం లేదు.

అపాయింట్‌మెంట్‌కు కుక్కను వెంట తీసుకువెళ్లాలి. డాక్టరు చిప్ నంబరు స్వయంగా చదివి చూస్తారు. మీరు తీసుకువెళ్లవలసినవి: చిప్ ఎప్పుడు అమర్చారో తెలిపే రుజువు, రేబిస్ టీకా రికార్డు, మీ గుర్తింపు పత్రం, ప్రయాణ తేదీలు, మొదట ఏ దేశంలో దిగుతారన్న వివరం. చివరిదాన్ని తేలికగా తీసుకోవద్దు. సర్టిఫికెట్ ఇంగ్లీషుతో పాటు మొదట అడుగుపెట్టే దేశపు భాషలోనూ ఉండాలి. కలేలో దిగేవారికి ఫ్రెంచి, నెదర్లండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవులో దిగేవారికి డచ్చి. తరువాత జర్మనీకో స్విట్జర్లండ్‌కో వెళ్లినా పరవాలేదు. మొదటి రేవు మారితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. కుక్కను అమ్మడానికి గానీ, యాజమాన్యం మార్చడానికి గానీ తీసుకువెళ్లడం లేదన్న ప్రకటన మీద మీరు సంతకం చేయాలి.

జారీ అయిన తేదీ నుంచి 10 రోజుల లోపు ఐరోపా సమాఖ్యలో అడుగుపెట్టాలి. లోపలికి వెళ్లిన తరువాత అక్కడ తిరగడానికి, తిరిగి రావడానికి అదే కాగితం నెలల పాటు పనిచేస్తుంది. మధ్యలో రేబిస్ టీకా గడువు మాత్రం తీరిపోకూడదు. 10 రోజుల నియమం వల్ల ఒక ఇరకాటం ఉంది. చాలా ముందుగా తీసుకోలేం, ఆఖరి రోజున వెళితే తప్పులు దిద్దించుకునే వ్యవధి ఉండదు. బయలుదేరడానికి నాలుగైదు రోజుల ముందు తేదీకి అపాయింట్‌మెంట్ కుదుర్చుకోవడం మేలని నా అభిప్రాయం. బడి సెలవుల్లో ఈ డాక్టర్లకు గిరాకీ ఎక్కువ కనుక అపాయింట్‌మెంట్ మాత్రం నెలన్నర ముందే అడిగి పెట్టుకోండి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి మరో మెలిక, షెంజెన్ వీసా. అది చేతికి రాకముందే కుక్క సర్టిఫికెట్‌కు డబ్బు కట్టవద్దు. వీసా ఆలస్యమై ప్రయాణం పదిరోజులు వాయిదా పడితే ఆ సర్టిఫికెట్ వృథా. ఇంట్లో ఒకరి వీసా రాక, మరొకరు కుక్కతో ముందుగా బయలుదేరే పరిస్థితి వస్తే, యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఇద్దరి ప్రయాణాల మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు. మించితే దాన్ని వ్యాపార రవాణాగా లెక్కిస్తారు, నియమాలన్నీ మారిపోతాయి.

ఫెర్రీ టికెట్టు

బుకింగ్ సమయంలోనే కుక్క ఉందని నమోదు చేయాలి. పెంపుడు జంతువులకు ఓడలో స్థలం పరిమితం, కంపెనీని బట్టి విడిగా రుసుము ఉంటుంది. మోటర్‌హోమ్ ఎత్తు, పొడవు కూడా సరిగ్గా చెప్పాలి. వెనుక తగిలించిన సైకిళ్ల స్టాండు, పైన పెట్టిన పెట్టె కూడా ఆ కొలతల్లోకే వస్తాయి. అద్దె బండి అయితే కుక్కను ఎక్కించడానికి ఒక అనుమతి, దేశం దాటించడానికి ఇంకొకటి అద్దెకిచ్చిన వారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

డోవర్–కలే వంటి చిన్న దారుల్లో కుక్క సాధారణంగా బండిలోనే ఉంటుంది. మనుషులు పైకి వెళ్లిపోవాలి, ఓడ కదిలాక బండ్ల డెక్‌కు రానివ్వరు. మోటర్‌హోమ్‌లో మంచం ఉంది కదా, అందులోనే పడుకుంటామంటే కుదరదు. పోర్ట్స్‌మత్ నుంచి సాన్ మాలోకో, స్పెయిన్‌లోని శాంతాండేర్‌కో వెళ్లే ఓడల్లో రాత్రంతా గడపాలి. అలాంటి వాటిలో కొన్నింట్లో కుక్కను వెంట ఉంచుకునే ప్రత్యేక గదులు ఉంటాయి, అవే అన్నిటికన్నా ముందు అమ్ముడుపోతాయి. బండిలో వదిలితే బెదిరిపోయే కుక్క అయితే ఆ గది దొరికే తేదీని బట్టే మిగతా సెలవులను అమర్చుకోవడం మంచిది.

జాతి గురించి ఒక హెచ్చరిక. కొన్ని జాతులను, ముఖ్యంగా పిట్‌బుల్ తరహా కుక్కలను, ఫ్రాన్స్ లోపలికి రానివ్వదు. రాట్‌వైలర్ వంటి వాటికి బహిరంగ ప్రదేశాల్లో మూతికి చిక్కం తప్పనిసరి.

బయలుదేరే రోజు

గ్యాస్ సిలిండర్‌ను ఆపేయాలి. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉంటే దాన్నీ ఆపాలి. బండి దొంగల అలారం ఆపకపోతే, కుక్క లోపల కదిలినప్పుడల్లా డెక్ అంతా మోగుతుంది. గాలి ఆడేలా కిటికీ కొద్దిగా తెరిచి, ఒలికిపోని గిన్నెలో నీళ్లు పెట్టండి. రోజూ పడుకునే పాత దుప్పటి వేస్తే సగం కంగారు తగ్గుతుంది. రేవుకు ముందుగా చేరుకుని కుక్కను కాసేపు నడిపించండి.

వంటింటి అర సర్దేటప్పుడు ఇంకో నియమం గుర్తుంచుకోవాలి. బ్రిటన్ నుంచి ఐరోపా సమాఖ్యలోకి మాంసం, పాల పదార్థాలు తీసుకువెళ్లకూడదు. మాంసం కలిసిన కుక్క ఆహారానికీ ఇది వర్తిస్తుంది. ఆరోగ్య కారణాలతో కుక్కకు ప్రత్యేక ఆహారం అవసరమైతే, ఫ్రిజ్‌లో పెట్టనవసరం లేనిది, సీలు విప్పని కంపెనీ ప్యాకెట్లలో 2 కిలోల వరకు అనుమతి ఉంది. మిగతావారు కలేలో దిగి సూపర్‌మార్కెట్‌లో కొనుక్కోవడమే. మనవాళ్ల సంచుల్లో దొరికే నాటుకోడి పచ్చడి, నెయ్యి, పెరుగు, పాలకోవా కూడా ఈ నిషేధం కిందికే వస్తాయి. ఆవకాయకు ఏ అడ్డూ లేదు.

కలేలో దిగాక కస్టమ్స్ వారు ఆపి అడిగితే సర్టిఫికెట్ చూపించాలి. అడగకపోతే సాగిపోవచ్చు.

తిరుగు ప్రయాణం

బ్రిటన్‌లోకి వచ్చే ముందు కుక్కకు బద్దెపురుగుల మందు పశువైద్యుడి చేతే వేయించాలి. ఎకినోకాకస్ మల్టీలోక్యులారిస్ అనే బద్దెపురుగు ఐరోపా ఖండంలోని నక్కల్లో ఉంది, బ్రిటన్‌లో లేదు. మనుషులకు సోకితే కాలేయాన్ని తినేసే జబ్బు తెస్తుంది. దాన్ని ద్వీపం బయటే ఉంచడం కోసం ఈ నియమం. మందులో ప్రాజిక్వాంటెల్ గానీ, అంత సమర్థంగా పనిచేసే మరొకటి గానీ ఉండాలి. మీరే మాత్ర కొని వేస్తే చెల్లదు.

బ్రిటన్‌లో అడుగుపెట్టే సమయానికి 24 గంటల కన్నా ముందు, 120 గంటలకు మించకుండా మందు వేసి ఉండాలి. రోజులు కాదు, గంటలు. ఉదాహరణకు 2026 ఆగస్టు 17, సోమవారం సాయంత్రం 6కు డోవర్ చేరే ఓడకు టికెట్టు ఉందనుకుందాం. మందు బ్రిటన్ సమయం ప్రకారం 12వ తేదీ బుధవారం సాయంత్రం 6 తరువాత, 16వ తేదీ ఆదివారం సాయంత్రం 6 లోపు పడాలి. నాలుగు రోజులు ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఆగస్టు 15 మనకే కాదు, ఫ్రాన్స్‌కూ సెలవే, మేరీమాత పండుగ. ఆ ఏడు అది శనివారం, మర్నాడు ఆదివారం. మిగిలేవి గురు, శుక్రవారాలు. ఆ రెండు రోజులూ మీరు ఏదో కొండల్లో, క్లినిక్ లేని పల్లెలో బండి ఆపుకుని ఉంటే అంతే సంగతులు. మోటర్‌హోమ్ సెలవుల అందం ఎక్కడ ఆగుతామో ముందు తెలియకపోవడంలోనే ఉంది, నిజమే. కానీ ఆఖరి ఐదు రోజుల్లో ఒక మధ్యాహ్నం ఏ ఊళ్లో ఉంటారో ఇంటి నుంచి బయలుదేరక ముందే తేల్చి, అక్కడి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫ్రాన్స్‌లో పశువైద్యశాలలకు నీలిరంగు శిలువ గుర్తు ఉంటుంది. కలే పరిసరాల క్లినిక్‌లకు ఈ పని బాగా అలవాటు.

మందు వేసిన డాక్టరు మీ సర్టిఫికెట్‌లోనే మందు పేరు, తయారీదారు, తేదీ, సమయం రాసి, సంతకం చేసి ముద్ర వేయాలి. గుమ్మం దాటక ముందే అవన్నీ చదివి చూడండి. సమయం రాయడం మరచిపోతే 24 గంటల లెక్క తేల్చే ఆధారం ఉండదు. మీ చేతిరాతతో మీరు చేర్చకూడదు.

కలే రేవులో ఓడ ఎక్కించక ముందే తనిఖీ జరుగుతుంది. చిప్ రీడర్ మీ చేతికే ఇచ్చి కుక్క మెడ దగ్గర తిప్పమంటారు. నంబరు, టీకా, మందు సమయం సరిపోతేనే ముందుకు పంపుతారు. మందు వేసి 24 గంటలు నిండకపోతే ఆగి తరువాతి ఓడ ఎక్కాలి. 120 దాటితే మళ్లీ మందు, మళ్లీ 24 గంటలు. సరైన పత్రాలు లేకుండా చేరుకున్న కుక్కను నాలుగు నెలల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం బ్రిటన్‌కు ఉంది, ఖర్చు మీదే.

వారాంతానికి వెళ్లి వచ్చేవారికి ఒక వెసులుబాటు ఉంది. మందు వేసిన 120 గంటల లోపే తిరిగి వస్తే, బయలుదేరే ముందు బ్రిటన్‌లోని డాక్టరు చేతే వేయించుకోవచ్చు. తిరిగి అడుగుపెట్టే సమయానికి 24 గంటలు గడిచి ఉండాలి. రెండు మూడు రోజుల ప్రయాణానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఐర్లండ్ వైపు

హోలీహెడ్ నుంచి డబ్లిన్ వెళ్లేవారికి సర్టిఫికెట్ నియమాలు అవే, మందు మాత్రం తలకిందులు. వెళ్లేటప్పుడే ఆ 24–120 గంటల లెక్కతో వేయించాలి. ఐర్లండ్ నుంచి నేరుగా వచ్చేటప్పుడు అక్కరలేదు.

ఉత్తర ఐర్లండ్‌కు మాత్రమే వెళ్లేవారికి ఈ తతంగం ఏదీ లేదు. 2025 జూన్ 4 నుంచి వారికోసం వేరే పథకం నడుస్తోంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే పెట్ ట్రావెల్ డాక్యుమెంట్ ఉచితంగా ఇస్తారు, కుక్క బతికున్నంత కాలం చెల్లుతుంది. చిప్ ఉంటే చాలు. రేబిస్ టీకా, బద్దెపురుగుల మందు అడగరు. అక్కడి నుంచి ఐరోపా సమాఖ్య దేశంలోకి తీసుకువెళ్లబోమని ప్రకటన ఇవ్వాలి కాబట్టి, బెల్‌ఫాస్ట్‌లో దిగి మోటర్‌హోమ్‌లో దక్షిణాన డబ్లిన్ వరకు తిరగాలనుకునేవారికి ఈ పత్రం పనికిరాదు. వారు మొదటి నుంచీ సర్టిఫికెట్ దారినే వెళ్లాలి.