లైనక్స్ ప్రాసెస్‌లో ఖాళీ అడ్రస్‌లు వెతికి పట్టుకోవడం ఎలా?

మీకు కావాల్సింది ఎక్కడో ఒకచోట మెమరీ మాత్రమే అయితే ఇదంతా చదవక్కర్లేదు. కెర్నల్‌ను మెమరీ అడిగే ఎమ్‌మ్యాప్ కాల్‌కు అడ్రస్ దగ్గర సున్నా ఇస్తే చోటు కెర్నలే చూసి పెడుతుంది. 2 ఎంబీ హద్దు మీద మొదలయ్యే 2 ఎంబీ కావాలన్నా వెతకడం దండగ. 4 ఎంబీ అడిగి, అటూ ఇటూ మిగిలింది మన్‌మ్యాప్‌తో తిరిగి ఇచ్చేయండి. ప్రోగ్రామ్ నడుస్తుండగానే మెషిన్ కోడ్ తయారుచేసే జిట్ కంపైలర్ రాసేటప్పుడో, ఫంక్షన్లను హుక్ చేసేటప్పుడో (వాటికి వచ్చే పిలుపులను మన కోడ్‌కు మళ్లించేటప్పుడో) మాత్రం మనమే వెతుక్కోవాలి. ఎక్స్86-64లో మామూలు కాల్ ఇన్‌స్ట్రక్షన్ అటు 2 జీబీ, ఇటు 2 జీబీ దాటి దూకలేదు. అందుకే కొత్త కోడ్ పాత కోడ్‌కు దగ్గర్లోనే ఉండాలి.

కావాల్సినవి: సీ కంపైలర్, 4.17 లేదా ఆ తర్వాతి కెర్నల్.

ముందుగా ప్రాక్, సెల్ఫ్ కింద ఉండే మ్యాప్స్ ఫైల్ చదవండి. ఒక్కో లైన్ ఒక్కో మ్యాపింగ్ (వాడుకలో ఉన్న అడ్రస్‌ల ముక్క), చిన్న అడ్రస్ నుంచి పెద్దదానికి వరుసగా ఉంటాయి. చదవడానికి గెట్‌లైన్ లాంటివి వాడొద్దు. అవి లోపల మాలోక్ చేస్తాయి (కొత్త మెమరీ తీసుకుంటాయి), అంటే మీరు చదువుతున్న పటాన్నే మార్చేసే అవకాశం ఉంది. ముందే పెట్టుకున్న పెద్ద బఫర్‌లోకి రీడ్ చేయండి.

ఒక లైన్ ముగింపుకీ తర్వాతి లైన్ మొదలుకీ మధ్య ఉన్నదే ఖాళీ. ముగింపు అడ్రస్ ఆ మ్యాపింగ్‌లోకి రాదు కాబట్టి దానికి ఒకటి కలపకండి. అన్నిటికన్నా పెద్ద ఖాళీ స్టాక్ (ఫంక్షన్ కాల్స్ వాడే మెమరీ) చుట్టుపక్కల లైన్లకీ, చివర్లో కనిపించే, కెర్నల్ సొంతమైన విసిస్‌కాల్ లైన్‌కీ మధ్య దొరుకుతుంది. దాన్ని చూసి మురిసిపోయినవాళ్లను చాలామందిని చూశాను. మామూలు నాలుగు స్థాయిల పేజ్ టేబుల్స్‌తో (అడ్రస్‌లను అసలు మెమరీకి కలిపే పట్టికలతో) యూజర్ ప్రోగ్రామ్‌కు దక్కేది 128 టీబీ వరకే, దాని పైన మనకేమీ లేదు. అడుగున మొదటి 64 కేబీ కూడా వదిలేయండి. స్టాక్ కిందికి పెరుగుతుంది కాబట్టి దాని కింది చోటు జోలికి పోవద్దు.

హీప్ (మాలోక్ వాడుకునే చోటు) పైన కూడా వెతకొద్దు. ప్రోగ్రామ్ కోడ్ తర్వాత కాస్త దూరంలోనే హీప్ ఉంటుంది, దాని పైన ఖాళీ నోరూరిస్తుంది. అక్కడ కూర్చుంటే హీప్ పెరగడానికి దారి మూసేసినట్టే. ఎప్పుడూ కోడ్‌కు కిందివైపే వెతకండి. పాత పద్ధతిలో హెక్సా 400000 దగ్గర మొదలయ్యే బైనరీకి మాత్రం కింద 4 ఎంబీ కూడా మిగలదు, అప్పుడిక పైన వెతకక తప్పదు.

కొందరు దీనికి చెట్టు ఆకారంలో పెద్ద డేటా స్ట్రక్చర్ కడతారు. కెర్నల్ అలాగే చేస్తుంది కదా అంటారు. నిజమే, 3.8 కెర్నల్‌లో ఎర్ర-నల్ల చెట్టు అనే రకంలోని ఒక్కో కొమ్మకూ అతిపెద్ద ఖాళీ ఎంతో రాసిపెట్టడం మొదలైంది, 6.1లో మేపుల్ ట్రీ అనే ఇంకో రకం చెట్టు వచ్చింది. కెర్నల్ ఆ పని రోజంతా చేస్తుంది. మనం ప్రోగ్రామ్ మొదట్లో ఒకసారి, మహా అయితే కొన్ని వందల లైన్ల మీద చేస్తాం. ఫర్ లూప్ చాలు.

ఇక హద్దు లెక్క. 201000 నుంచి 500000 వరకు ఖాళీ ఉందనుకోండి. అన్నీ హెక్సా అంకెలే, ముందున్నవి వదిలేశాను. కొలిస్తే 3 ఎంబీకి ఒక్క పేజీ (4 కేబీ) తక్కువ. 2 ఎంబీ పట్టేస్తుంది అనిపిస్తుంది, పట్టదు. 201000 తర్వాతి 2 ఎంబీ హద్దు 400000. దానికి 200000 కలిపితే 600000, ఖాళీ దాటిపోయాం. ఖాళీ 300000 దగ్గరే అయిపోతే ఇంకో తంటా. 400000 ఖాళీకి అవతల పడుతుంది, ముగింపులోంచి మొదలు తీసేస్తే మైనస్ రావాలి, కానీ మైనస్‌లే లేని అన్‌సైన్డ్ లెక్కలో అది కొండంత సంఖ్య అవుతుంది. కోడ్ సంబరంగా ఓకే అంటుంది. తీసివేసే ముందే పోల్చి చూడండి.

అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది. ఖాళీ దొరికింది, పట్టుకోవాలి. అందరూ ఇక్కడే బోల్తా పడతారు.

ఆర్టీసీ బస్సు ఆగగానే కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం గుర్తుందా? మీరు కిటికీలోంచి సీటు చూసి, తలుపు చుట్టూ తిరిగి లోపలికి వచ్చేసరికి అక్కడ ఇంకొకరు కూర్చుని ఉండొచ్చు. మ్యాప్స్ ఫైల్ చదివాక సరిగ్గా అదే జరుగుతుంది. ఆ మధ్యలో ఇంకో థ్రెడ్ కొత్త థ్రెడ్‌ను పుట్టిస్తే దానికో స్టాక్ కావాలి, ఏదో లైబ్రరీ లోడ్ అవుతుంది, మాలోక్ కొత్త అరీనా (మెమరీ నిల్వ) తెరుస్తుంది. మీరు మ్యూటెక్స్ (థ్రెడ్‌ల మధ్య తాళం) పెట్టుకున్నా లాభం లేదు, అవేవీ మీ మ్యూటెక్స్‌ను అడిగి రావు.

అప్పుడు 'ఈ అడ్రస్‌లోనే కావాలి' అనే మ్యాప్ ఫిక్స్‌డ్ ఫ్లాగ్‌తో ఎమ్‌మ్యాప్ పిలిచారంటే, సీట్లో ఉన్న మనిషిని చడీచప్పుడు లేకుండా మాయం చేసినట్టే. ఉన్న మ్యాపింగ్ పోతుంది, మీది వస్తుంది, ఎర్రర్ రాదు. క్రాష్ ఎప్పుడో, ఎక్కడో, ఏ సంబంధమూ లేని కోడ్‌లో వస్తుంది. నేను పనిచేసిన ఒకచోట వారానికోసారి లాగింగ్ థ్రెడ్ చచ్చిపోయేది. ర్యామ్ పాడైందని చిప్‌లు కూడా మార్పించాం. చివరికి చూస్తే నా ఒక్క ఫ్లాగ్.

అందుకే మ్యాప్ ఫిక్స్‌డ్ నోరీప్లేస్ వాడండి. సీట్లో ఎవరైనా ఉంటే ఈఎగ్జిస్ట్ అని ఎర్రర్ ఇస్తుంది, ఎవరినీ కదపదు. ఆ ఎర్రర్ వస్తే ఫైల్ మళ్లీ మొదటి నుంచి చదవండి. విసుగొచ్చి "సరే, మ్యాప్ ఫిక్స్‌డ్‌తో కానిచ్చేద్దాం" అని రాసిన కోడ్ కూడా చూశాను, అలా చేసేటట్టయితే ఇంతసేపు వెతకడం ఎందుకు? 4.17 కంటే పాత కెర్నల్‌కు ఈ ఫ్లాగ్ తెలియదు. మీరిచ్చిన అడ్రస్‌ను సూచనగా మాత్రమే తీసుకుని వేరేచోట ఇవ్వొచ్చు. కాబట్టి తిరిగొచ్చిన అడ్రస్, అడిగిన అడ్రస్ ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. కాకపోతే మన్‌మ్యాప్ చేసేసి మళ్లీ వెతకండి.

మొదట ప్రాట్ నన్‌తో, అంటే చదవడానికీ రాయడానికీ అనుమతి లేకుండా, మొత్తం 2 ఎంబీ పట్టేయండి. అదే మన కర్చీఫ్. తర్వాత అవసరమైనంత మేర, అనుమతులు మార్చే ఎమ్‌ప్రొటెక్ట్‌తో తెరుచుకోండి. ఈ హద్దుల లోపల మాత్రం మ్యాప్ ఫిక్స్‌డ్ నిర్భయంగా వాడొచ్చు, సీటు మనదే. ఒక ముక్కతో పని అయిపోతే మన్‌మ్యాప్ చేయకండి, ఎమ్అడ్వైజ్‌తో పేజీలు వదిలించుకుని మళ్లీ ప్రాట్ నన్ పెట్టండి. మన్‌మ్యాప్ చేస్తే మీ 2 ఎంబీ మధ్యలో రంధ్రం పడుతుంది, తర్వాత వచ్చే ఏ ఎమ్‌మ్యాప్ అయినా అందులో దూరొచ్చు.