ఇరవై దాటాక హెచ్‌పీవీ టీకా: వేయించుకోవాలా, ఏది, ఎన్ని డోసులు

పన్నెండేళ్ల పిల్ల విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు, వేయించేయడమే. ఇరవై రెండేళ్లకో, పెళ్లి కుదిరాకో, అమెరికా అడ్మిషన్ వచ్చాకో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే ఈ హెచ్‌పీవీ టీకా గుర్తొస్తే మాత్రం లెక్కలు మొదలవుతాయి. ఇప్పుడు వేయించుకుంటే పనిచేస్తుందా, ముప్పై వేలు పెట్టాలా, ఒక్క డోసు చాలంటున్నారు కదా అని. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ చదివేవాళ్లకీ, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకీ ఈ ఖర్చు సొంత జేబులోంచే పోతుంది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పిన మాట కూడా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లల గురించే. అందుకే డబ్బు కట్టేముందు విషయం తెలుసుకోవడం మంచిది.

హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) ఒక్క వైరస్ కాదు. రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో పద్నాలుగు దాకా క్యాన్సర్ తెచ్చేవి. 16, 18 నంబర్లవి రెండే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. 6, 11 రకాలు క్యాన్సర్ తేవు గానీ మర్మాంగాల దగ్గర పులిపిర్లు తెస్తాయి. లైంగిక సంబంధంలో చర్మానికి చర్మం తగలడంతోనే ఇది అంటుకుంటుంది కాబట్టి కండోమ్ ముప్పును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేసినప్పుడే క్యాన్సర్ దాకా వెళ్తుంది.

టీకా చేసే పని వైరస్ కణాల్లోకి దిగకముందే అడ్డుకోవడం. దిగినదాన్ని బయటికి తరమదు. వయసు గురించి వచ్చే ప్రశ్నలన్నిటికీ జవాబు ఇందులోనే ఉంది.

వయసు లెక్క

స్వీడన్‌లో 16 లక్షలకు పైగా ఆడపిల్లల, మహిళల రికార్డులు పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. 17 ఏళ్లు నిండకముందే టీకా వేయించుకున్నవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తగ్గింది. 17 నుంచి 30 ఏళ్ల మధ్య వేయించుకున్నవాళ్లలో 53 శాతం తగ్గింది. తేడా టీకాలో లేదు. పెద్దయ్యేసరికి కొందరికి వైరస్ అప్పటికే సోకి ఉండటమే కారణం. ఆలస్యమైతే లాభం తగ్గుతుందన్నది నిజమే, కానీ సగానికి సగం తగ్గడం చిన్న విషయమేమీ కాదు.

కాబట్టి 26 ఏళ్లలోపు ఉంటే వేయించుకోండి. ఇప్పటిదాకా ఎవరితోనూ సంబంధం లేకపోతే పూర్తి లాభం మీకే. ఉన్నా మానక్కర్లేదు. టీకాలో ఉన్న రకాలన్నీ ఒకే మనిషికి అప్పటికే సోకి ఉండటం చాలా అరుదు. ఒకటి సోకి ఉన్నా మిగతావాటి నుంచి రక్షణ దొరుకుతుంది. "ముందు హెచ్‌పీవీ టెస్ట్ చేయించి, నెగెటివ్ వస్తేనే వేద్దాం" అని ఎవరైనా అంటే ఆ టెస్ట్ డబ్బు మిగుల్చుకోండి. టీకాకి ముందు అలాంటి పరీక్ష అవసరం లేదు. ఆ పరీక్ష ఇప్పుడున్న వైరస్‌నే చూపిస్తుంది, వచ్చి పోయినదాన్ని చూపించదు.

27 నుంచి 45 మధ్యలో మాత్రం జవాబు అందరికీ ఒకటి కాదు. చాలా ఏళ్లుగా ఒకే భాగస్వామి, కొత్త సంబంధాలు వచ్చే అవకాశం లేదు అంటే లాభం తక్కువే. విడాకుల తర్వాత మళ్లీ పెళ్లి, లేదా కొత్త బంధం మొదలవుతున్నప్పుడు గైనకాలజిస్ట్‌తో కూర్చుని మాట్లాడుకోవడం అర్థవంతం. ముప్పై దాటి ఇంతవరకు ఒక్కసారి కూడా ముఖద్వార పరీక్ష (అక్కడి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ లాంటిది) చేయించుకోని మనిషి టీకా, పరీక్ష రెండిట్లో ఒకదానికే డబ్బు పెట్టగలిగితే, పరీక్షకే పెట్టాలని మా అభిప్రాయం.

అబ్బాయిలూ ఈ లెక్కలో ఉన్నారు. గొంతు వెనుక భాగంలో, మలద్వారంలో, పురుషాంగంలో వచ్చే క్యాన్సర్లలో కొన్నిటికి ఇదే వైరస్ కారణం, పులిపిర్లు సరేసరి. దేశంలో తయారైన సెర్వావాక్‌కి మగవాళ్లలో కూడా 26 ఏళ్ల వరకు అనుమతి ఉంది. వేరే టీకా కావాలంటే దాని పెట్టెలోని కాగితంలో మగవాళ్లకు ఏ వయసు దాకా అని రాసి ఉందో డాక్టర్‌తో చూసుకోండి.

ఏ టీకా

మన దగ్గర ప్రధానంగా వినిపించే పేర్లు సెర్వావాక్, గార్డాసిల్, గార్డాసిల్ 9. సెర్వావాక్ పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారీ. 2022లో అనుమతి వచ్చింది, 2023లో మార్కెట్‌లోకి దిగింది. ఇదీ, పాత గార్డాసిలూ 6, 11, 16, 18 అనే నాలుగు రకాలను అడ్డుకుంటాయి. గార్డాసిల్ 9 వీటికి తోడు 31, 33, 45, 52, 58 రకాలను కూడా చూసుకుంటుంది. సెర్వావాక్ డోసు సుమారు రెండు వేలు, గార్డాసిల్ 9 డోసు పదివేలకు కాస్త పైన. మూడేసి డోసులకు లెక్కేస్తే ఆరు వేలెక్కడ, ముప్పై వేలెక్కడ! దీనికి కన్సల్టేషన్, ఇంజెక్షన్ ఛార్జీ అదనం. ఫోన్‌లో ధర అడిగేటప్పుడు "టీకా ఒక్కటేనా, అన్నీ కలిపా?" అని అడగండి. బిల్లు చేతికొచ్చాక గొడవపడే పని ఉండదు.

తొమ్మిది రకాలది మెరుగైనదే. అయితే ముఖద్వార క్యాన్సర్లలో పెద్ద వాటా 16, 18లదే, ఆ రెండూ అన్ని టీకాల్లోనూ ఉన్నాయి. ముప్పై వేలు కూడబెట్టేదాకా ఆగుదామని రెండేళ్లు గడిపేయడం కన్నా ఆరు వేలతో ఈ నెలలో మొదలుపెట్టి పూర్తిచేయడం మేలు. డబ్బుకి ఇబ్బంది లేదంటే తొమ్మిది రకాలదే తీసుకోండి. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి, చాలా పాలసీలు టీకాల ఖర్చు ఇవ్వవు. కంపెనీలో ఉచితంగానో తగ్గింపు ధరకో క్యాంపు పెడుతున్నారేమో హెచ్‌ఆర్‌ని అడగండి. పెడుతుంటే రెండో, మూడో డోసులకూ వస్తారా అన్నది ముందే తేల్చుకోండి.

ఎన్ని డోసులు: గొడవంతా ఇక్కడే

15 ఏళ్లు దాటాక మొదలుపెడితే పెట్టె మీద ఉండే లెక్క మూడు: మొదటిది, రెండు నెలలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. జనవరి 10న మొదలైతే మార్చి 10, జూలై 10. మొదటి రోజే ఆ రెండు తేదీలూ ఫోన్ క్యాలెండర్‌లో వేసేయండి. పరీక్షలు, సెలవులకు ఊరెళ్లడం అడ్డొస్తే పర్వాలేదు. ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటినుంచి కొనసాగించాలి. "ఏడాది దాటిపోయింది, మళ్లీ మూడూ వేయాలి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

తొందరపడితేనే నష్టం. మొదటి, రెండో డోసుల మధ్య కనీసం 4 వారాలు, రెండో, మూడో వాటి మధ్య కనీసం 12 వారాలు, మొదటికీ మూడోదానికీ మధ్య కనీసం 5 నెలలు ఉండాలి. ఫ్లైట్ ఉందని మూడో నెలలోనే మూడోది పొడిపించుకుంటే ఆ డోసు లెక్కలోకి రాదు, మళ్లీ వేయించుకోవాలి.

ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లు ఈ ఫ్లైట్ దగ్గరే ఇరుక్కుంటారు. ఫిబ్రవరిలో మొదలుపెడితే ఆగస్టులోపు మూడూ సర్దుకుంటాయి. మేలో గుర్తొస్తే ఇక్కడ రెండే పడతాయి. మిగిలింది అక్కడ వేయించుకోవాలనుకుంటే ఇక్కడే గార్డాసిల్ 9తో మొదలుపెట్టండి, అమెరికాలో ఇప్పుడు దొరికేది అదొక్కటే. ఇంకో మాట. అక్కడ 26 ఏళ్లలోపు వాళ్లకు ఈ టీకాను చాలా బీమా ప్లాన్లు కవర్ చేస్తాయి. కాబట్టి ఇక్కడ పదివేలు కట్టేముందు మీ యూనివర్సిటీ హెల్త్ ప్లాన్ కాగితాలు ఒకసారి తిరగేయండి.

ఒక్క డోసు సంగతి వెనుక మన ప్రాంతపు కథే ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు ఈ టీకా వేసే ఒక ప్రాజెక్టు నడిచింది. గుజరాత్‌లోని వడోదరలోనూ నడిచింది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. కానీ అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించడం వంటి తప్పులు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగానే తప్పుబట్టింది. "ఖమ్మంలో ఏదో అయింది కదా" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే కొట్టిపారేయకండి, అది వాళ్లు పేపర్లో చదివిన విషయమే. తప్పు జరిగింది పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ అడక్కుండా వేయడంలో. మీకు 18 నిండాయి, అడిగి తెలుసుకుని సంతకం పెట్టేది మీరే.

ఆ ఆపివేత వల్లే దేశంలో రెండు, మూడు డోసులను పోల్చడానికి నడుస్తున్న వేరే అధ్యయనంలో కూడా టీకాలు ఆగిపోయాయి. వేలమంది ఆడపిల్లలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పదేళ్లపాటు వాళ్లను గమనిస్తే 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే 95 శాతం దాకా కాపాడిందని 2021లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబర్‌లో 20 ఏళ్లలోపు వాళ్లకు ఒకటి లేదా రెండు, 21 దాటినవాళ్లకు ఆరు నెలల ఎడంతో రెండు అని చెప్పడం వెనుక ఇలాంటి ఆధారాలే ఉన్నాయి. అయితే ఆ అధ్యయనంలోవాళ్లు 10 నుంచి 18 ఏళ్ల పిల్లలు. ఇరవై నాలుగేళ్ల మనిషి ఆ ఫలితాన్ని తనకు అన్వయించుకుని ఒక్క డోసుతో ఆపేయకూడదు. మూడోదానికి నిజంగా డబ్బు లేకపోతే ఆరు నెలల ఎడంతో రెండు డోసుల గురించి డాక్టర్‌ని అడగండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్లు మాత్రం మూడూ వేయించుకోవాల్సిందే.

టీకా రోజు

వీలైతే ఫ్రిజ్‌లో స్టాకు పెట్టుకునే క్లినిక్‌నే ఎంచుకోండి. మెడికల్ షాపులో కొని తెమ్మంటే ఒక చిక్కుంది. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో పెట్టుకుని కోఠీ నుంచి కూకట్‌పల్లి దాకా తీసుకెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. వేడి కన్నా గడ్డకట్టడం ఇంకా ప్రమాదం. డీప్ ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐస్‌ప్యాక్‌ని టీకా పెట్టెకు ఆనించి ఇస్తారు. గడ్డకడితే టీకాలోని అల్యూమినియం ఉప్పు ముద్దలు కట్టి మందు పాడైపోతుంది, కరిగాక మళ్లీ బాగుపడదు. ఐస్‌ప్యాక్‌కి చెమటలు పట్టేదాకా బయట ఉంచి, టీకాకీ దానికీ మధ్య మందంగా పేపరు మడత పెట్టమనండి. బిల్లు తీసుకోండి, నేరుగా క్లినిక్‌కే వెళ్లండి.

సిరంజి ఎక్కించేముందు పెట్టె చూపించమని అడగండి. పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఫోటో తీసుకోండి. కదపకముందు కింద తెల్లగా పేరుకుని పైన తేటగా ఉంటే కంగారు పడకండి. బాగా కుదిపాక పలచటి మజ్జిగలా అంతా ఒకే తెలుపులోకి రావాలి. కుదిపినా పలుకులు పలుకులుగా ఉంటే వద్దనండి. డోసు అర మిల్లీలీటరు, భుజం కండలోకి ఇస్తారు. పొట్టి చేతుల వదులు చొక్కా వేసుకెళ్తే మీకూ నర్సుకీ సుఖం.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. శనివారం ఉపవాసమైతే ఆదివారం వెళ్లండి. ఈ టీకా తర్వాత కళ్లు తిరిగి పడిపోవడం యువతలో మామూలే, దెబ్బ తగిలేది టీకా వల్ల కాదు, నేలకు గుద్దుకోవడం వల్ల. పదిహేను నిమిషాలు కూర్చుని, ఆ తర్వాతే బండి తీయండి. ఒకట్రెండు రోజులు చెయ్యి సలుపుతుంది, కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి వస్తాయి. అవసరమైతే పారాసిటమాల్ వేసుకోండి. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి చాలా అరుదు. వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏదైనా అనుమానాస్పద దుష్ప్రభావాన్ని 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకి మీరే చెప్పొచ్చు.

నెలసరిలో వేయించుకోవచ్చు. పాలిచ్చే తల్లులూ వేయించుకోవచ్చు. గర్భంతో ఉంటే వాయిదా. మధ్యలో గర్భం అని తెలిస్తే మిగిలిన డోసులు కాన్పు తర్వాతకు జరపాలి, అప్పటికే పడిన డోసు వల్ల భయపడాల్సిందీ, గర్భం తీయించుకోవాల్సిందీ ఏమీ లేదు. ఈస్ట్‌కి తీవ్రమైన అలర్జీ ఉన్నా, ముందు డోసుకి తీవ్రంగా రియాక్షన్ వచ్చినా ఈ టీకా వద్దు. ఒళ్లు కాలిపోయే జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి, జలుబుకి ఆగక్కర్లేదు.

టీకా పడ్డాక కూడా

ముఖద్వార పరీక్షలు మానకూడదు. తొమ్మిది రకాల టీకా కూడా అన్ని రకాలనూ ఆపదు. పాప్ స్మియర్ ఎప్పటినుంచి మొదలుపెట్టాలో గైనకాలజిస్ట్ చెప్తారు, ముప్పై దాటాక మాత్రం వాయిదా వేయకండి. పాప్ లేదా హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష, ఏదైనా సరే.

ఇంట్లో అమ్మకి యాభై దాటి, ఎప్పుడూ ఈ పరీక్ష చేయించుకోకపోతే ఆవిడకి టీకా ఇప్పుడు పెద్దగా ఉపయోగపడదు, పరీక్ష ఉపయోగపడుతుంది. పదినిమిషాల పని, మత్తు అక్కర్లేదు. మీ రెండో డోసు తేదీకే ఆవిడకీ అపాయింట్‌మెంట్ తీసుకోండి. పరీక్షకి ముందు రెండు రోజులు లోపల క్రీములు, మందులు వాడొద్దనీ, నెలసరి ఇంకా వస్తుంటే ఆ రోజులు తప్పించమనీ ముందే చెప్పండి. తేడా ఏదైనా కనిపించి పెద్దాసుపత్రికి పంపితే, నగరంలో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టుకుని పొద్దున్నే ఓపీ వేళకు వెళ్లండి.