ఇంటిపేరు మాటగా మారితే – 4వ పాఠం: పెద్దక్షరం చిన్నదయ్యేదాకా

పోయిన పాఠంలో ఇంటిపేరుకు తోక తగిలించడం చూశాం కదా, బ్రిటన్ ప్రధానిగా చేసిన థాచర్ నుంచి థాచరిజం, థాచరైట్, అమెరికా అధ్యక్షుడిగా చేసిన రీగన్ నుంచి రీగనామిక్స్. ఈసారి ఇంగ్లిష్‌లో తోకా గీకా లేకుండా ఇంటిపేరే నేరుగా మాటైపోయే సంగతి.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికలో అనువాదాలు చేసే రోజుల్లో ఇంగ్లిష్ వార్తలో "ఎ క్విస్లింగ్ ఇన్ ద క్యాబినెట్" అని ఉంటే, నేను "మంత్రివర్గంలో క్విస్లింగ్ అనే ఆయన ఉన్నారు" అని రాసి పంపేశాను. పక్క సీటు పెద్దాయన చదివి, "ఈయనది ఏ నియోజకవర్గం బాబూ?" అన్నాడు. అక్కడ క్యూ చిన్నక్షరం, దాని ముందు 'ఎ' కూడా ఉంది, రెండూ నా కళ్లెదుటే ఉన్నా పట్టించుకోలేదు. మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కాబట్టి ఆ తేడా మన కంటికి ఓ పట్టాన ఆనదు.

ఇంతకీ మనమూ ఈ పని చేస్తాం, కాకపోతే ఎక్కువగా పురాణాల్లోంచి పేర్లు తెచ్చుకుంటాం. "మా ఆఫీసులో ఒక నారదుడున్నాడు" అంటే ఎవరూ తంబురా కోసం వెతకరు. ఇంగ్లిష్‌లో క్విస్లింగ్ కూడా అంతే, శత్రువుతో చేతులు కలిపిన ద్రోహి అని.

అసలు మనిషి విడ్కున్ క్విస్లింగ్, నార్వే నాయకుడు. 1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు దేశంలోకి దిగిన రోజు సాయంత్రమే రేడియోలోకి వెళ్లి తానే ప్రధానినని ప్రకటించుకున్నాడు. పది రోజులు తిరక్కుండా, 19న, లండన్ టైమ్స్ సంపాదకీయం ఆయన పేరుకు ఎస్ చేర్చి బహువచనం చేసేసింది. ఒక మనిషి పేరు బహువచనమైందంటే అప్పటికే అది ఒక రకం మనుషులందరికీ పేరు అన్నమాట! శత్రువుతో చేతులు కలిపిన ఇంటిదొంగకు ఇంగ్లిష్‌లో ట్రెయిటర్ ఉంది నిజమే, కానీ ఆక్రమించినవాడి చేతికింద కుర్చీ ఎక్కి కూర్చునేవాడికి సరిగ్గా సరిపోయే మాట లేదు. ఆ ఖాళీలోకి ఈ పేరు వచ్చి పడింది. పైగా ఆ పేరు పలకడంలోనే ఏదో జారుడుతనం, మెలిక ఉన్నాయని ఆ సంపాదకీయమే ఎత్తిపొడిచింది.

కాబట్టి పేరు కనబడగానే చూడాల్సింది: ముందు ఎ గానీ, చివర ఎస్ గానీ ఉందా, మొదటి అక్షరం చిన్నదైందా, క్రియలా వంగుతోందా.

వంగడం అంటే జెర్రీమాండర్ చూడండి. ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ 1812లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నర్, తన పార్టీకి కలిసొచ్చేలా గీసిన నియోజకవర్గాల బిల్లు మీద సంతకం పెట్టాడు. ఎసెక్స్ కౌంటీలో ఒక నియోజకవర్గం సరిహద్దు ఎంత వంకరగా తిరిగిందంటే, దానికి రెక్కలూ గోళ్లూ తగిలించి శాలమాండర్ అనే బల్లిలాంటి జంతువులా బొమ్మ వేశారు, అది మార్చి 26న బోస్టన్ గెజెట్‌లో అచ్చయింది. గెర్రీ, శాలమాండర్ కలిస్తే మాట తయారు, తమ పార్టీకి కలిసొచ్చేలా నియోజకవర్గాలు గీయడమని అర్థం. ఇప్పుడు జెర్రీమాండర్డ్, జెర్రీమాండరింగ్ అని ఎటు కావాలంటే అటు వంగుతుంది. తమాషా ఏమిటంటే ఆయన తన పేరును 'గ'తోనే పలికేవాడు, జనం 'జ' చేసేశారు. సొంత పేరు మీద కూడా హక్కు పోయిందన్నమాట, పాపం! అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎన్నికల ముందు టీవీలో ఈ మాట రోజూ వింటూనే ఉంటారు.

బోర్క్ కూడా ఇలాంటి క్రియే, అయితే రాబర్ట్ బోర్క్ న్యాయమూర్తి. 1987లో అమెరికా సుప్రీంకోర్టుకు ఆయన నియామకాన్ని అక్కడి ఎగువసభ సెనేట్ 58–42 ఓట్లతో తిప్పికొట్టింది. అలా పనిగట్టుకుని ఒకరిని అడ్డుకోవడమే బోర్క్ చేయడం. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు సిస్టమ్ పాడైతే "బోర్క్ అయింది" అంటారే, దాన్ని దీనితో కలపకండి.

అన్ని పేర్లూ చిన్నక్షరం దాకా రావు. అమెరికా సెనేటర్ మెకార్తీ పేరుతో 1950లో పుట్టిన మెకార్తీయిజం (సరైన ఆధారాలు లేకుండా జనాన్ని కమ్యూనిస్టులని నిందించడం) ఇప్పటికీ పెద్దక్షరంతోనే రాస్తారు. తోక ఉన్నచోట మనిషి ఇంకా కనిపిస్తూనే ఉంటాడని నా లెక్క.

హోంవర్క్: "ద మ్యాప్ వాజ్ జెర్రీమాండర్డ్" అన్నదాన్ని పేరు వాడకుండా తెలుగులో చెప్పండి. నా ప్రయత్నం "తమవాళ్లే గెలిచేలా గీతలు గీశారు", అంతకంటే పొట్టిది మీకు దొరకొచ్చు.

వచ్చే పాఠంలో టెక్సస్ నాయకుడు మావరిక్, ముద్ర వేయని ఆయన పశువులు, అర్థంకాని ఆఫీసు భాషకు 1944లో గాబుల్డీగూక్ అనే మాట పుట్టించిన ఆయన మనవడు.