ఫర్జులు (విధిగా చేయాల్సినవి) ఎందుకు తప్పుతున్నాయి: గోదావరి డెల్టాలో పనిచేసుకునే ముస్లింలకు సమస్య - పరిష్కారం

నమాజులు తప్పుతుంటే ముందు మనసుకు తట్టేది ఈమాన్ (విశ్వాసం) తగ్గిందేమోనన్న బెంగ. కానీ ఉద్యోగాలు, దుకాణాలు, రొయ్యల చెరువులు చూసుకునేవాళ్ల ఇబ్బందులు ఒక్కొక్కటీ విప్పి చూస్తే చాలావరకు టైము లెక్క దగ్గరో, నీళ్ల దగ్గరో ఆగిపోతాయి. అవి సరిచేసుకోగలిగినవే. మన వైపు ఎక్కువమంది హనఫీలు కాబట్టి కింద చెప్పినవి ఆ మజ్హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) ప్రకారమే. మీది వేరైతే మీ ఇమాం సాబ్‌ను అడగండి.

చలికాలమంతా ఫజర్ (తెల్లవారుజాము నమాజు) అందింది, ఎండలు ముదిరేసరికి తప్పిపోతోంది

కారణం అలారం. మన దగ్గర జనవరి చివర్లో సూర్యోదయం సుమారు 6:35కి, మే చివర్లో ఐదున్నర లోపే. జనవరిలో పెట్టిన 5:40 అలారానికి ఫజర్ హాయిగా అందుతుంది. అదే అలారం మే నెలలో మోగేసరికి పొద్దు పొడిచేసి ఉంటుంది. మనిషి బద్ధకించలేదు, సూర్యుడు గంట ముందుకు జరిగాడు.

అలారాన్ని గడియారం అంకెకి కాకుండా సూర్యోదయానికి ముడిపెట్టండి. సూర్యోదయానికి 45 నిమిషాల ముందు పెట్టి, ప్రతి నెలా ఒకటో తారీఖున మార్చుకోండి. మే, జూన్‌లలో ఇషా (రాత్రి నమాజు) చదివాక ఫోను చూస్తూ పన్నెండు దాకా కూర్చుంటే ఏ అలారమూ లేపలేదు. రాత్రి ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) చూసుకోవాల్సిన చెరువు కాపలా వాళ్లు చివరి చుట్టును ఫజర్ వేళకి జరుపుకుంటే రెండుసార్లు లేచే పని తప్పుతుంది.

క్యాలెండరు చూసే సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజాము భోజనం) ఆపాం, అయినా మసీదులో అజాన్ ముందే అయిపోయింది

ఇది అన్నిటికన్నా ప్రమాదమైన పొరపాటు, ఎందుకంటే చాలామందికి జరిగినట్టే తెలియదు. గోడకు తగిలించిన క్యాలెండరు హైదరాబాదుది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మనం హైదరాబాదుకు తూర్పున ఉన్నాం కాబట్టి పొద్దు మనకు ముందు వస్తుంది, ముందు పోతుంది: భీమవరంలో సుమారు 12 నిమిషాలు, రాజమండ్రిలో 13, అమలాపురంలో 14, కాకినాడలో 15. హైదరాబాదు టైము దాకా తింటే ఫజర్ వచ్చాక పది పదిహేను నిమిషాలు తిన్నట్టే. అలా జరిగిందని తర్వాత తెలిస్తే ఆ రోజాకి (ఉపవాసానికి) ఖజా ఉంది, అంటే తర్వాత బదులు ఉండాలి; కఫ్ఫారా (ప్రాయశ్చిత్తం) లేదు. ఆ రోజు తెలిసినప్పటి నుంచి ఇఫ్తార్ (ఉపవాసం విరమించే వేళ) దాకా ఏమీ తినకుండా ఉండాలి.

ఫోను యాప్ వాడుతుంటే మూడు చోట్ల చూడండి. ఒకటి, ఊరు: యాప్ కొన్నిసార్లు పాత ఊరిలోనే ఉండిపోతుంది. రెండు, లెక్క పద్ధతి: ఫజర్‌కి సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీలు కింద ఉన్న వేళను తీసుకునే కరాచీ పద్ధతి ఉండాలి. 15 డిగ్రీల పద్ధతి ఎంచుకుని ఉంటే ఫజర్ 12, 13 నిమిషాలు ఆలస్యంగా చూపిస్తుంది. మూడు, అసర్‌కి (సాయంత్రం పూట నమాజుకి) హనఫీ పద్ధతి ఉండాలి. ఇవన్నీ సరిచేశాక కూడా సహరీ గడువుకు ఐదు నిమిషాల ముందే చెయ్యి కడుక్కోవడం మేలు.

భోజన విరామం అయిపోయింది, జొహర్ (మధ్యాహ్న నమాజు) పోయిందనుకుని వదిలేస్తున్నాం

చాలాసార్లు పోయి ఉండదు. యాప్‌లో అసర్ షాఫయీ (మరో మజ్హబ్) పద్ధతిలో ఉంటే ముప్పావు గంట నుంచి గంటకు పైగా ముందే అసర్ చూపిస్తుంది. హనఫీ లెక్కలో అంతసేపూ జొహర్ టైమే. నవంబరు చివర్లో రాజమండ్రిలో షాఫయీ అసర్ మూడింటికి వస్తే, హనఫీ అసర్ 3:50 ప్రాంతంలో వస్తుంది. రెండో షిఫ్టులో భోజనానికి వెళ్లేవాళ్లకు ఈ యాభై నిమిషాలే ఆధారం.

ముందు వైపు కూడా వెసులుబాటు ఉంది. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి మన సూర్యుడూ గడియారమూ దాదాపు కలిసి నడుస్తాయి. నవంబరు మొదట్లో సూర్యుడు నడినెత్తి దాటి జొహర్ మొదలయ్యేది సుమారు 11:46కి, ఫిబ్రవరి మధ్యలో 12:17కి. పన్నెండున్నరకి భోజనం గంట కొట్టే చోట ఏడాదంతా జొహర్ అందుతుంది.

అసర్ మాత్రం నిజంగానే పోతుంది. నవంబరు చివర్లో 5:27 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. ఆరింటికి ఆఫీసు వదిలి ఇంటికెళ్లి చదువుదామంటే కుదరదు. నవంబరు, డిసెంబరు నెలలకు నాలుగింటి టీ విరామాన్ని అసర్‌కి ఇచ్చేయండి. ఫర్జు నాలుగు రకాతులకు (నమాజులో ఒక్కో ఆవృత్తం ఒక రకాతు) ఐదారు నిమిషాలు చాలు, వజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) ముందే ఉంటే. మగ్రిబ్ (పొద్దు గుంకాక చదివే నమాజు) విషయంలో అనవసరంగా కంగారు పడతారు: ఆలస్యం చేయడం మంచిది కాదుగానీ, టైము సూర్యాస్తమయం తర్వాత గంటా పావు దాకా ఉంటుంది. బస్సులో ఇరుక్కుంటే దిగాక చదవండి, ఖజా కింద వదిలేయకండి.

వజూకి చోటు లేదు

ఆఫీసు సింకులో కాళ్లు ఎత్తి కడిగితే నేల తడుస్తుంది, పక్కవాళ్లు విసుక్కుంటారు. దానికి జంకి నమాజే మానేసేవాళ్లున్నారు. రెండు దారులు. వీలైతే ఒక లీటరు సీసా పెట్టుకోండి. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ముద్ నీటితో, అంటే లీటరుకన్నా తక్కువతో, వజూ చేసేవారు. పంపు వదిలేసి చేసే అలవాటు వల్లే నీళ్లు చాలవనిపిస్తుంది.

రెండోది తోలు మేజోళ్లు. ఇంట్లో పూర్తి వజూ చేసి, కాళ్లు కడిగాక తొడుక్కోవాలి. ఆ తర్వాత మొదటిసారి వజూ పోయిన క్షణం నుంచి 24 గంటల దాకా, ప్రయాణికులకైతే మూడు పగళ్లు మూడు రాత్రులు, కాళ్లు కడగకుండా తడి చేత్తో మేజోడు పైభాగాన్ని మూడు వేళ్ల వెడల్పున తుడిస్తే చాలు. చీలమండ కప్పాలి. మామూలు నూలు మేజోళ్ల మీద ఇది చెల్లదు. మధ్యలో మేజోడు తీస్తే కాళ్లు కడగాల్సిందే.

వజూ చేశామనుకున్నా చెల్లని సందర్భాలు వేరు. గోళ్ల రంగు, ఎండిన పెయింటు, జిగురు, గోళ్ల కింద గట్టిపడిన పిండి ఉంటే నీరు చర్మాన్ని తాకదు. మోచేతుల వెనక భాగం, మడమలు పొడిగా మిగిలిపోతాయి. ఆ రెండూ చేత్తో రుద్దండి.

చెరువుల మీద పనిచేసేవాళ్లకు బట్టల అనుమానం ఎక్కువ. చేప రక్తం నజిస్ (అపవిత్రం) కాదు, వాసన వచ్చినా నమాజు అవుతుంది. కోళ్ల పెంట మాత్రం నజిస్. మేతకో ఎరువుకో దాన్ని ముట్టుకుంటే ఒక లుంగీ, చొక్కా సైకిలు సంచిలో విడిగా ఉంచుకోండి.

కిబ్లా (నమాజులో తిరగాల్సిన కాబా దిక్కు) ఎటో తెలియదు

మన జిల్లాల నుంచి కిబ్లా నేరుగా పడమర కాదు. పడమర నుంచి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి తిరగాలి. దిక్సూచిలో 283. ఇనుప బీరువా, మోటారు పక్కన ఫోను దిక్సూచి తప్పు చూపిస్తుంది. ఇంట్లో ఒకసారి సరిచూసుకోవాలంటే మే 28న మధ్యాహ్నం 2:48కి ఎండలో నిటారుగా కర్ర నిలబెట్టండి. ఆ క్షణం సూర్యుడు కాబా మీద ఉంటాడు, నీడకు సరిగ్గా ఎదురు వైపు కిబ్లా.

ప్రయాణంలో ఎన్ని రకాతులు?

ఊరి పొలిమేర దాటి సుమారు 78 కిలోమీటర్లకు పైగా వెళ్తూ, చేరిన చోట 15 రోజులకన్నా తక్కువ ఉండే ఉద్దేశం ఉంటే నాలుగు రకాతుల ఫర్జు రెండు అవుతుంది. ఫజర్, మగ్రిబ్ మారవు. రాజమండ్రి నుంచి విజయవాడకు ఖసర్ (ఇలా కుదించి చదవడం) ఉంది, కాకినాడకు లేదు. స్థానిక ఇమాం వెనక చదివితే నాలుగూ చదవాలి.

ఏళ్ల తరబడి ఖజా పేరుకుపోయింది

లెక్క చూసి భయపడి మొదలే పెట్టరు. రోజుకు ఖజా చేయాల్సింది ఫర్జులు 17, విత్ర్ (ఇషా తర్వాత చదివేది) 3, మొత్తం 20 రకాతులే. ప్రతి ఫర్జు తర్వాత అదే పూట ఖజా ఒకటి చదివితే ఒక ఏడాది బాకీ ఏడాదిలో తీరుతుంది. నియ్యత్ (సంకల్పం) ‘నా మీదున్న మొదటి ఫజర్’ అని చేసుకోండి, తారీఖులు గుర్తుండక్కర్లేదు. సూర్యోదయం, నడిమధ్యాహ్నం, సూర్యాస్తమయ వేళల్లో చదవకండి. బహిష్టు రోజుల నమాజులకు ఖజా లేదు, రోజాలకు ఉంది.

రోజాలో మధ్యాహ్నానికే తలనొప్పి, దాహం

మొదటి మూడు నాలుగు రోజులే తలనొప్పి ఉంటే అది టీ మానడం వల్ల. రంజాన్‌కు రెండు వారాల ముందు నుంచి రోజుకో కప్పు తగ్గించండి. దాహానికి కారణం సహరీలో ఆవకాయ, వేపుళ్లు. పెరుగన్నం, రాగి జావ, అరటిపండు నిలుస్తాయి. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా రెండు లీటర్ల నీళ్లు విడతలుగా తాగాలి, చివర్లో ఒక్కసారి తాగితే నిలవవు.

షుగరు ఉన్నవాళ్లు నెల ముందే డాక్టరుతో మందుల వేళలు మార్చించుకోవాలి. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదు. షుగరు 70కి తగ్గినా 300 దాటినా వెంటనే రోజా విడిచి, తర్వాత ఖజా చేయండి. పట్టుబట్టి ఉండిపోవడం దీన్ (మతం) అడిగింది కాదు.

జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం) ఎంతో తేలడం లేదు

జీతం మీద వేయబోవడం వల్ల తేలదు. జకాత్ ఏడాది తిరిగిన సొత్తు మీద. ఒక చాంద్ తారీఖు (ఇస్లామీ చంద్రమాన తేదీ) నిర్ణయించుకోండి, ఆ రోజు చేతిలో ఉన్నదంతా కలపండి. బంగారం 40 గ్రాములు, గ్రాము 10,000 అనుకుంటే 4,00,000. బ్యాంకులో 1,20,000. ఇంకా పాడని చీటీలో కట్టింది 80,000, దీన్నే అందరూ మర్చిపోతారు. ఇవ్వాల్సిన అప్పు 1,00,000 తీసేస్తే 5,00,000. రెండున్నర శాతం 12,500. బంగారంతో పాటు నగదు కూడా ఉంటే నిసాబ్‌ను (జకాత్ పడే కనీస సొత్తును) 612.36 గ్రాముల వెండి ధరతో చూడాలి, 87.48 గ్రాముల బంగారంతో కాదు. బ్యాంకు వడ్డీని జకాత్ కింద ఇవ్వకూడదు, దాన్ని పుణ్యం ఆశించకుండా వదిలించుకోవాలి.

అమ్మకానికి పెంచే రొయ్యలు సరుకే. ఆ రోజు చెరువులో ఉన్న సరుకు ధర కట్టి కలపండి. ఏరేటర్లు, మోటార్లు కలపక్కర్లేదు. వరి సంగతి వేరు: ఉష్ర్‌కు (పంట మీద ఇచ్చే జకాత్‌కు) ఏడాది తిరగాల్సిన పని లేదు, సార్వాకి సార్వా, దాళ్వాకి దాళ్వా లెక్క. వానకు పండితే పదో వంతు, ఖర్చు పెట్టి నీరు పెడితే ఇరవయ్యో వంతు. మన దేశపు భూములకు ఇది వర్తించే తీరుపై ఆలిముల్లో (మత పండితుల్లో) భేదాభిప్రాయాలున్నాయి కాబట్టి కోతకు ముందే మీ పొలం పట్టా, నీటి వివరం చెప్పి అడగండి. తల్లిదండ్రులకు, పిల్లలకు, భార్యాభర్తలు ఒకరికొకరు జకాత్ ఇచ్చుకోకూడదు. పేదవాడైన తమ్ముడికో, వితంతువైన అక్కకో ఇవ్వొచ్చు, అది జకాత్ అని వాళ్లకు చెప్పక్కర్లేదు.