రెండు రోజుల్లో సూఫ్రియేర్ చూసి రావడం ఎలా?

2024 టీ20 ప్రపంచకప్‌లో రోహిత్ శర్మ ఆస్ట్రేలియా మీద 92 కొట్టిన మ్యాచ్ గుర్తుందా? అది జరిగింది కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో. రాయడం అలాగే గానీ, అక్కడివాళ్లు పలికేది మాత్రం ‘సెయింట్ లూషా’. స్టేడియం ఉత్తరం కొసన ఉంది. మనం వెళ్లాల్సింది నైరుతి మూలనున్న సూఫ్రియేర్ జిల్లాకి. ఆ దేశం జెండా మీద కనిపించే త్రికోణాలు ఇక్కడి రెండు కొండలే.

క్రూయిజ్ ఓడల్లో వచ్చేవాళ్లు పొద్దున రాజధాని క్యాస్ట్రీస్‌లో దిగి, సూఫ్రియేర్ చూసేసి సాయంత్రానికి ఓడెక్కేస్తారు. వాళ్ల రోజులో మూడు గంటలు రోడ్డుకే పోతాయి. నన్నడిగితే ఈ ఊళ్లో రెండు రాత్రులైనా ఉండాలి. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్నదాంట్లోనే కిటుకంతా ఉంది.

ముందు కాగితాలు

ఇండియా నుంచి నేరుగా విమానం లేదు. అమెరికాలో విమానం మారాలన్నా మన పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఉండాల్సిందే. అమెరికాలోనే హెచ్1బి మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. వీసా స్టాంపింగ్ గడువు దాటినా కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్లి వచ్చే వెసులుబాటు ఒకటుంది. అది హెచ్1బి వాళ్లకి కరీబియన్ దీవులకు వర్తించదు. చవకగా టికెట్ దొరికిందని బుక్ చేసేసి, తిరుగు ప్రయాణంలో ఇరుక్కునే టెన్షన్ ఎందుకు?

కాలం, దారి, డబ్బు

డిసెంబరు నుంచి మే దాకా వానలు తక్కువ. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. 2010 అక్టోబరు చివర్లో వచ్చిన టోమస్ తుపానుకి సూఫ్రియేర్ చుట్టుపక్కల కొండచరియలు విరిగిపడ్డాయి.

దక్షిణం కొసన ఉన్న హెవనోరా ఎయిర్‌పోర్టులో దిగితే సూఫ్రియేర్ దాదాపు గంట ప్రయాణం. బండ్లు మన దేశంలో లాగే ఎడమ పక్కన నడుస్తాయి. కాకపోతే అన్నీ మలుపులే, ఘాట్‌రోడ్డు అలవాటు లేనివాళ్లు ట్యాక్సీ మాట్లాడుకోవడం మేలు. అక్కడి డబ్బు తూర్పు కరీబియన్ డాలర్. ఒక అమెరికా డాలరుకి 2.70 ఇస్తారు, 1976 నుంచీ అదే రేటు. అందుకే ఎవరైనా ధర చెప్పగానే ‘ఏ డాలరు?’ అని అడగండి. లేకపోతే దాదాపు మూడింతలు ఇచ్చుకునే ప్రమాదం ఉంది.

మొదటి సాయంత్రం ఊరికే

చాలామంది ఊరిని బండి కిటికీలోంచే చూసి వెళ్లిపోతారు. అదే పొరపాటు. ఫ్రెంచిలో సూఫ్ర్ అంటే గంధకం, ఊరి పేరు అందులోంచి వచ్చింది. 1713లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఇక్కడ 2,000 ఎకరాలు డెవో అనే అన్నదమ్ములకు రాసిచ్చాడు. 1746లో ఊరు వెలిసింది. ఫ్రెంచివాళ్ల కాలంలో దీవికి ఇదే రాజధాని.

చర్చి ముందున్న చౌక్‌లో కాసేపు కూర్చోండి. ఫ్రెంచి విప్లవం రోజుల్లో తలలు నరికే యంత్రం గిలెటిన్‌ని నిలబెట్టింది ఇక్కడే. 1794లో ఫ్రాన్స్ బానిసత్వాన్ని రద్దు చేసింది. ఇంతలో బ్రిటిష్‌వాళ్లు దీవి మీదికొచ్చారు. వచ్చిన స్వేచ్ఛ పోతుందని తెలిసిన జనం ఊరుకుంటారా? అడవుల్లో చేరి పోరాడారు. బ్రిటిష్‌వాళ్లు వాళ్లని బందిపోట్లన్నారు. 1795లో ఆ ‘బందిపోట్లే’ సూఫ్రియేర్ దగ్గర రబో అనే చోట బ్రిటిష్ సైన్యాన్ని ఓడించారు. దీవి ఫ్రెంచి, బ్రిటిష్ చేతుల మధ్య 14 సార్లు మారి, చివరికి 1814లో బ్రిటిష్‌వాళ్లకి దక్కింది. 1979లో స్వతంత్రమైంది. ఆఫీసు భాష ఇంగ్లిషు, వీధిలో మాత్రం ఫ్రెంచిలోంచి పుట్టిన క్వేయోల్. దారి అడిగే ముందు ‘బోంజూ’ అనండి. పలకరించకుండా పని అడిగేవాళ్లంటే అక్కడ చిన్నచూపు.

1955లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊళ్లో చాలా భాగం కాలిపోయింది. కాబట్టి పాత కొయ్య ఇళ్లు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి.

రెండో రోజు పొద్దున్నే కొండ

రెండు కొండల్లో గ్రో పిటాన్ ఎత్తు 770 మీటర్లు, పెటీ పిటాన్ 743. 2004లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎక్కాల్సింది గ్రో పిటాన్. ఎత్తు తక్కువ కదా అని పెటీ పిటాన్ జోలికి వెళ్లకండి, అది మరీ నిట్టనిలువు.

గైడ్ లేకుండా ఎక్కనివ్వరు. దారి మొదలయ్యే పల్లె పేరు ఫాన్ జాన్ లిబ్, అంటే స్వేచ్ఛాజనుల లోయ. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు కట్టుకున్న ఊరది. ఎక్కి దిగడానికి నాలుగు గంటలు పట్టొచ్చు. మొదటి సగం హాయిగా సాగుతుంది, తర్వాత బండరాళ్లూ వేళ్లూ పట్టుకుని పాకడమే. ఎండెక్కకముందే బయల్దేరండి. పెద్దవాళ్లో పిల్లలో ఉంటే టెట్ పాల్ అనే చిన్న దారి పట్టండి. ముప్పావు గంట నడకలో రెండు కొండలూ కళ్లెదుట నిలబడతాయి.

మధ్యాహ్నం బురద

కొండ దిగాక కాళ్లు పట్టేస్తాయి. అందుకే గంధకపు ఊటలను (సల్ఫర్ స్ప్రింగ్స్) దీని తర్వాత పెట్టాను. ఎప్పుడో కూలిపోయిన అగ్నిపర్వతం బిలం ఇది. 1766లో చివరిసారి ఆవిరితో పేలింది. గడ్డిపరక లేని బూడిదరంగు వాలు, దాని మధ్య నల్లగా కుతకుత ఉడికే నీళ్లు, కుళ్లిన కోడిగుడ్ల వాసన. పది నిమిషాలకు ముక్కు అలవాటు పడిపోతుంది. ‘కారులో లోపలికి వెళ్లగలిగే అగ్నిపర్వతం’ అని ప్రచారం చేస్తారు గానీ, ఇప్పుడు గుంటల దగ్గరికి వెళ్లనివ్వరు. ఒకప్పుడు ఒక గైడ్ కాలి కింద పెచ్చు విరిగి, లోపలికి జారి ఒళ్లు కాల్చుకున్నాడు.

స్నానం కింది పక్కన, చల్లబడ్డ నీళ్లలో. ఆడవాళ్లు మెట్టెలు, పట్టీలు, మగవాళ్లు వెండి మొలతాడు తీసి గదిలో పెట్టి రండి. ఆ గ్యాస్‌కి వెండి నల్లబడుతుంది. పాత నల్లబట్టలే వేసుకోండి. ముందు గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చుని, బయటికొచ్చి ఒంటినిండా బురద పట్టించి, చర్మం బిగుసుకునేదాకా ఆరనిచ్చి, మళ్లీ నీళ్లలోకి దిగాలి.

అక్కణ్నుంచి డైమండ్ జలపాతం దగ్గరే. ఖనిజాల వల్ల దాని రాయి పసుపూ పచ్చా నారింజా చారలు కట్టి ఉంటుంది. పక్కనున్న స్నానపు తొట్లు 1784లో 16వ లూయీ సైనికుల కోసం కట్టించినవి.

ఏం తినాలి?

మెనూలో ‘గ్రీన్ ఫిగ్’ అని ఉంటే అంజీర అనుకునేరు, అది అరటికాయ! ఉప్పుచేపతో కలిపి వండితే దేశపు జాతీయ వంటకం. శాకాహారులు ఉప్పుచేప వద్దని ముందే చెప్పాలి. పొద్దున కోకో టీ తప్పకుండా తాగండి. టీ ఆకు ఉండదు. కోకో ముద్దను తురిమి, దాల్చినచెక్క, జాజికాయ వేసి మరిగిస్తారు. ఇక్కడి కోకో తోటల్లో గింజలను కాళ్లతో తొక్కి మెరుగు పెట్టడం చూపిస్తారు, దాన్ని ‘కోకో డాన్స్’ అంటారు.

చివరగా సముద్రం

దేశంలో బీచ్‌లన్నీ అందరివీ. ఖరీదైన రిసార్టు ముందున్నా సరే, ఇసుక మీద కూర్చునే హక్కు మీకుంది. పగడాలూ చేపలూ చూడాలంటే ‘ఆన్స్ షాస్తనే’ అనే బీచ్‌కి వెళ్లండి. ఒక్క జాగ్రత్త: ఒడ్డున చిన్న పచ్చి యాపిల్స్ లాంటి కాయలున్న చెట్లు ఉంటాయి, పేరు మాంచినీల్. కాయే కాదు, పాలూ విషమే. ఆకుల మీంచి జారిన వాన చుక్క పడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చినుకు మొదలైతే దాని కిందికి పరిగెత్తకండి, హాయిగా తడవండి.